పదో సర్వీసు

వాన వెలిసేలోగా తేల్చి చెప్పమన్నారు. ఆ మాట అని, గొడుగులు ముడవకుండానే తలుపు చేరవేసి వెళ్లిపోయారు. ఆ రేకుల గదిలో, చుట్టలు చుట్టిన పాత నెట్లకూ సున్నపు పొడి బస్తాకూ నడుమ, గాలి తగ్గిన బంతుల బుట్టకు ఎదురుగా ఒక బల్లమీద ఆయన ఒక్కడూ మిగిలిపోయాడు. చేతిలో నాలుగు మడతల కాగితం. మడిచి మళ్లీ విప్పాడు, చదివి మళ్లీ మడిచాడు, అక్షరాలేమీ మారలేదు. పన్నెండేళ్ల లోపు ఆడపిల్లల వాలీబాల్ లీగు తుది పోటీలో, మూడో సెట్టు మొదలు ఏ క్రీడాకారిణీ వరుసగా ఐదుకు మించి సర్వీసులు చేయరాదనీ, ప్రధాన అంపైరు తమకున్న అధికారంతో ఈ మేరకు వెంటనే ఆజ్ఞ ఇవ్వవలసిందనీ, కింద పదకొండుమంది తల్లిదండ్రుల సంతకాలు. ఏ క్రీడాకారిణీ అన్నారు గాని, ఆ మాట ఎవరి కోసమో పైన రేకులమీద దరువేస్తున్న వానకు కూడా తెలుసు. పేరు రాస్తే బాగుండదని రాయలేదు, మర్యాదస్థులు. ఆ అధికారం మాత్రం నిజమే. ఆట న్యాయంగా సాగడానికి అవసరమని తోచినచో ప్రధాన అంపైరు తగిన మార్పు చేయవచ్చునని పన్నెండేళ్ల కిందట నిబంధనల పుస్తకంలో రాసినది తన చేతితోనే. అప్పుడు ఎంత నిండుగా కనిపించిన వాక్యం! ఇప్పుడు అదే వాక్యం తన మెడకు తానే పేనుకున్న తాడులా ఉంది.

ఆట చెరొక సెట్టుతో నిలిచి ఉంది. మొదటిది తన మనవరాలి జట్టు గెలిచింది, రెండోది ఫిరంగి జట్టు. మూడోదానికి పిల్లలు పక్కలు మారుతుండగా ఆకాశం విరిగి మీద పడింది. ఫిరంగి అన్నది పిల్లలు పెట్టిన పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు స్కోరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. పదకొండేళ్లది, చూస్తే పిట్టంత మనిషి, మోకాళ్లు మాత్రం ముందే పెరిగి మిగతా ఒంటి కోసం ఎదురుచూస్తున్నట్టుంటాయి. గీత వెనుక నిలబడి బంతిని ఒక్కసారి నేలకు కొట్టి, అరచేతిలోకి తీసుకొని, దాని చెవిలో ఏదో చెప్పబోతున్నట్టు చూస్తుంది. ఎగరేసి కొడుతుంది. ఆ దెబ్బకు పెద్ద చప్పుడుండదు, అదే వింత. పక్కింట్లో ఎవరో తలుపు మెల్లగా వేసుకున్నట్టుంటుంది, అంతే. ఫిరంగి అని పేరు పెట్టినవాళ్లు ఆ దెబ్బను విని పెట్టలేదు, ఎదుర్కొని పెట్టారు. బంతి తిరగదు. గిర్రున తిరిగే బంతి ఎక్కడ పడుతుందో చెప్పవచ్చు, తిరగని బంతి సంగతి ఈశ్వరుడికే తెలియాలి. అది నెట్ దాటేదాకా సాధువులా వస్తుంది. దాటాక ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం తటపటాయించి, గుర్తొచ్చినట్టు పక్కకు ఒరిగి, చేతులు చాచి నిలుచున్న పిల్లకు జానెడు దూరంలో నేలను ముద్దు పెట్టుకుంటుంది. రెండో సెట్టులో వరుసగా ఇరవైయొక్కటి అలాగే పడ్డాయి. ఎత్తు కుర్చీలో కూర్చొని ఇరవైయొక్క మార్లు చెయ్యి ఒకే వైపుకు చాచి, భుజం లాగినా, తనకు విసుగు పుట్టలేదు. పుట్టవలసింది. అంపైరుకు ఆనందించే హక్కు లేదు. అయినా పదో బంతి దగ్గరో పదకొండో బంతి దగ్గరో, కోవెలలో దీపం చూసినప్పుడు పెదవులు వాటంతట అవి కదిలినట్టు కదిలాయి. ఈల నోట్లో ఉంది కనుక ఎవరూ చూడలేదు.

ఈ ముసురులోనూ ఆ పిల్ల సాధన చేసే గోడ తడవకుండా ఉంటుందా? ఉండదు, లాండ్రీ వెనుక గోడకు చూరు లేదు. ఫిరంగి తల్లి ఆ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. తెల్లవారకముందే పెట్టెలు వేడెక్కించాలి గనుక పిల్లను వెంటబెట్టుకు వస్తుంది. ఆయన నామం చెప్పుకుంటూ నడిచే వేళా అదే. మొదటిసారి గోడ అవతల నుంచి ఆ మెత్తని చప్పుడు వినబడి, ఎవరు ఇంత పొద్దున్నే దుప్పట్లు ఉతుకుతున్నారా అనుకున్నాడు. తొంగి చూస్తే ఈ పిల్ల. ఒకే ఒక్క బంతి, తోలు లేచిపోయిన చోట గుడ్డపట్టీ అంటించి ఉంది. గోడ ముందు నాలుగు బకెట్లు బోర్లించి, కొడుతుంది, పరుగెత్తి తానే తెచ్చుకుంటుంది, మళ్లీ గీత దగ్గరకు వస్తుంది. కొట్టడం ఒక వంతు, పరుగు మూడు వంతులు. నిలబడి చూస్తూ చూస్తూ నామం లెక్క తప్పి సర్వీసుల లెక్కలో పడిపోయాడు. దైవం కోపగించలేదనే ఆయన నమ్మకం, ఆ లెక్క కూడా దైవం ఖాతాలోదే కదా. ఎవరూ చూడని చోట, ఎవరూ మెచ్చని వేళ, తప్పిన ప్రతి బంతినీ తనంతట తానే వెళ్లి తెచ్చుకోవడం కన్నా తపస్సు మరొకటి ఉన్నదా? కిటికీలో నుంచి తల్లి అప్పుడప్పుడూ, మూడో బకెట్టును వదిలేస్తున్నావేమే, అది నీకేం పాపం చేసిందని అంటుంది. పిల్ల నవ్వదు, మూడో బకెట్టు మోగుతుంది.

అయినా ఎదుటివారి మాట గాలి మాట కాదు. పళ్ల డాక్టరమ్మ, ఈ కాగితం స్వయంగా రాసిన ఆవిడ, గొంతు పెంచకుండా చెప్పింది: శనివారం వస్తోందంటే మా అమ్మాయి శుక్రవారం నుంచి అన్నం తినడం లేదండీ, ఆట అంటే ఆడటం, దండన కాదు కదా. లీగు అధ్యక్షుడు, మందుల దుకాణం ఆయన, ఎప్పుడూ ఇరుపక్షాలకూ తల ఊపే మనిషి, ఈసారి ఒకే పక్షానికి ఊపాడు. పదకొండుమంది స్తంభాల్లా నిలబడి ఒకరు ఆడితే అది ఆట ఎలా అవుతుందన్నాడు. అదీ నిజమే. సంతకాలలో చివరిది చూసినప్పుడు గుండెలో ముల్లు దిగినట్టయింది. అది ఫిరంగి సొంత జట్టు పిల్ల తండ్రిది. లిఫ్టులు బాగుచేసే మనిషి, ప్రతి వారం పని మధ్యలో నూనె చేతులతోనే వచ్చి కంచె దగ్గర నిలబడతాడు. ఆరు వారాలు వచ్చాడు, ఆరు వారాల్లో తన కూతురు బంతిని ముట్టుకోవడం మూడు మార్లే చూశాడు. గెలిచిన జట్టు తండ్రి అతడు. చప్పట్లు కొట్టి, చేతులు తుడుచుకొని వెళ్లిపోతాడు. ఆ చప్పట్లను ఏ తక్కెడలో తూచాలి?

తక్కెడ. ముప్ఫైనాలుగేళ్లు తిన్న అన్నం తక్కెడదే. తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరు. సంచిలో ప్రమాణపు రాళ్లు మఖమలు గుంటల్లో పెట్టుకొని అంగడి అంగడికీ తిరిగి, తప్పుడు రాళ్లు పట్టిన మనిషి. అందుకే మనవరాలు ఆడే పోటీకి నేను కుర్చీ ఎక్కడం సబబు కాదని ఆయన అంటే కమిటీ మొత్తం నవ్వింది, మీకన్నా తూకం తెలిసినవారెవరండీ అని. ఎవరికీ చెప్పని తూకం ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, గింజలమ్మే ఒక ముసలామె దగ్గర కిలో రాయి పరీక్షిస్తే ప్రమాణం కన్నా బరువు తూగింది. తక్కువ కాదు, ఎక్కువ. ఎన్నేళ్లుగానో కొనేవాళ్లకు గుప్పెడు అదనంగా పోతోంది. నిబంధన ప్రకారం తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. రాయి స్వాధీనం చేసుకున్నాడు. ఎక్కువ పెట్టినందుకు కూడా పట్టుకుపోతారా నాయనా, అని ఆమె అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. అప్పుడు నిబంధన చదివి వినిపించాడు. నిబంధన సరైనదే, ఈనాటికీ సరైనదే. రాళ్లన్నీ ఒకటిగా ఉండాలి, ఉండటానికే వాటిని పోత పోస్తారు. మనుషులను దేవుడు అలా పోత పోయలేదు. ఒకరికి గొంతు, ఒకరికి కన్ను, ఒకరికి ఓర్పు, ఈ పిల్లకు ఆ మణికట్టు. ఎక్కువ తూగిందని ఆకురాయి పట్టుకొని అరగదీయడానికి అది ఇనుము కాదే. మరి మిగిలిన పదకొండుమంది? వాళ్లూ ఇనుము కాదు.

ఎందుకు తిరుగుతున్నావు మనసా ఇంతగా, ఎందుకు ముసలామె దాకా వెళ్లావు, దగ్గరిది వదిలేసి. వాన కొంచెం పలచబడింది. రేకుల చిల్లులో నుంచి ఒక బొట్టు సున్నపు బస్తామీద పడి చిన్న గుంట చేసింది, మళ్లీ పడి అదే గుంటను లోతు చేసింది. దగ్గరిది ఇది. పోయిన గురువారం తన తెల్ల ప్యాంటు కోసం లాండ్రీకి వెళ్లాడు. తల్లి లోపల చొక్కాలు లెక్కపెడుతోంది, పిల్ల గడపమీద కూర్చొని బంతికి పట్టీ మారుస్తోంది. తుది పోటీలో ఎదుటి జట్టు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఏదో అనాలని అనలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని తానే పదిమందికి చెప్పే మనిషి. అమ్మలూ, అవతల చిన్నపిల్లలు, కాస్త చూసి కొట్టమ్మా, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పిల్ల లేచి నిలబడి, అలాగేనండీ, అంది. అంతే. ప్యాంటు మడతలు చూసుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఇవాళ మొదటి సెట్టులో ఆమె మొదటి సర్వీసుకు బంతిని కుడిచేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసింది. కొట్టే చెయ్యి ఖాళీగా ఉండాలి; ఆమెకు కొట్టే చెయ్యి కుడిది. ఎడమచేత్తో కొట్టింది. బంతి గుండ్రంగా, బుద్ధిగా, అందరికీ అందేటట్టు వచ్చింది. మనవరాలి జట్టు లేపింది, తిప్పికొట్టింది. కంచె పొడుగునా చప్పట్లు, ఎంత బాగా ఆడుతున్నారో చూడండి, ఇదీ ఆటంటే, అని మందుల దుకాణం ఆయన. ఎత్తు కుర్చీలో కూర్చున్న మనిషికి అంతా కనబడింది. ఎవరి మాటకు ఆ చెయ్యి మారిందో అంతకన్నా స్పష్టంగా కనబడింది. ఈల ఊదాడు, చెయ్యి చాచాడు, నోరు విప్పలేదు. కంచే చేను మేయడం అంటే ఇది. పిల్ల తనంతట తాను చెయ్యి మార్చుకోవచ్చు, నిబంధనల్లో తప్పు లేదు, అని ఆ సెట్టు అంతసేపూ తనకు తానే నిబంధన చదివి వినిపించుకున్నాడు. గెలిచాక మనవరాలు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆనందబాష్పాలని తన కడుపు నిండింది కూడా. అవతల ఫిరంగి కోచ్, వృత్తికి బస్సు డ్రైవరు, బస్సు ఆపినంత గట్టిగా ఆ పిల్లను ఆపి, ఎవరు చెప్పారే నీకు ఎడమచేత్తో కొట్టమని, అని నిలదీశాడు. పిల్ల తల వంచుకుంది. ఒకసారైనా ఎత్తు కుర్చీవైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. పదకొండేళ్ల పిల్ల ఒక పెద్దమనిషి పరువును తన నాలుక కింద దాచుకొని తిట్లు తిన్నది. వరుసగా ఇరవైయొక్క సర్వీసులు కొట్టడం కన్నా అది కష్టం. ఆ కష్టం ఏ స్కోరు పుస్తకంలో ఎక్కుతుంది?

ఇప్పుడు ఈ కాగితంమీద సంతకం చేస్తే, ఒకసారి గడపమీద చాటుగా చేసిన పనిని మళ్లీ పదిమందిలో దర్జాగా చేసినట్టు. చేయకపోతే, మనవరాలు అందరిలో చేతులు చాచుకొని నిలబడుతుంది, బంతి పక్కన పడుతుంది, పడుతూనే ఉంటుంది. చిన్న మెడ, చెమటకు అంటుకున్న వెంట్రుకలు. రెండో సెట్టులో ఫిరంగి సర్వీసులు తొమ్మిది ఆమె వైపుకే వచ్చాయి, లెక్కపెట్టాడు. తాతకు లెక్క తప్పదు. భగవంతుడా, ఒక కంటిలో ఇద్దరు పిల్లలను ఎలా పెట్టావు?

తలుపు కిర్రుమంది. మనవరాలు, తువ్వాలు తలమీద వేసుకొని, బూట్లనిండా బురదతో. బయట రంపపు పొట్టు చల్లుతున్నారట, ఇంకో పావుగంటలో కోర్టు తయారట. చెప్పింది గాని వెళ్లలేదు. బంతుల బుట్ట అంచుమీద కూర్చొని కాగితంవైపు చూసింది.

"డాక్టరమ్మగారి కాగితమేనా అది? సంతకం పెట్టేశావా తాతయ్యా?"

"ఇంకా లేదు."

"మొదటి సెట్టులో ఆమె ఎడమచేత్తో కొట్టింది. చూశావా?"

"చూశాను."

"మరి ఊరుకున్నావేం?"

నోటికి వచ్చింది అన్నాడు. "గెలిచారు కదమ్మా. కళ్లనీళ్లు పెట్టుకున్నావు కూడాను సంతోషంతో."

మనవరాలు తాతను కొత్తవాడిని చూసినట్టు చూసింది. "సంతోషమేంటి? నన్ను చంటిపిల్లను చేసి ఆడిస్తే ఏడుపు రాదా? మేం గెలవలేదు, ఆమె వదిలేసింది. డాక్టరమ్మగారి అమ్మాయికి కూడా తెలుసు. పెద్దవాళ్లే చప్పట్లు కొట్టారు."

వాన చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలియలేదు.

"రెండోదాంట్లో తొమ్మిది నామీదకి కొట్టింది," అంది మనవరాలు, చేతులు ముందుకు చాచి చూసుకుంటూ. "ఎనిమిదింటికి ఏమీ తెలీలేదు. తొమ్మిదోది ఎటు ఒరుగుతుందో ముందే తెలిసిపోయింది తాతయ్యా. నిజంగా. కాళ్లే రాలేదు. ఇప్పుడు నువ్వు ఐదు దగ్గర ఆపేస్తే, నా పదోది నాకెప్పుడొస్తుంది?"

చదివిన చదువు, విన్న ప్రవచనాలు, ముప్ఫైనాలుగేళ్ల తక్కెడ, అన్నీ ఒక మూల కూర్చుని ఈ ప్రశ్న విన్నాయి. తాను ఇంతసేపూ బలమున్న పిల్లకు ఎంత తగ్గించాలా అని తూచాడు. తగ్గిస్తే ఆ బలం లేని పిల్లకు ఏమి పోతుందో తూచనే లేదు. ఎదుటివారి గొప్పతనం కూడా తన వాటాయే అని, దాన్ని తరుగు లేకుండా కొలిచి పెట్టమని అడుగుతోంది ఈ పిల్ల. మోకాళ్లు పట్టుకొని లేచాడు. లేస్తుంటే నవ్వు వచ్చింది, కళ్లూ చెమర్చాయి.

ఫిరంగి అవతలి చూరు కింద బల్లమీద కూర్చొని బూటు నాడా ముడి వేస్తోంది. పక్కన బస్సు డ్రైవరు, లిఫ్టుల మనిషి, తడిసిన తల్లులు, తండ్రులు. పిల్ల ఆయన్ను చూసి లేచి నిలబడింది, గురువారం లేచినట్టే. ఆయన అందరూ వినేటట్టే మాట్లాడాడు. చాటుగా అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకోవడం చెల్లదు.

"తప్పు నాదమ్మా. చూసి కొట్టమని నీకు చెప్పింది నేను. అలా చెప్పకూడదు. ఇక నీ చేత్తో నువ్వు కొట్టు."

డాక్టరమ్మ చూపు ఆయన ముఖంమీదే ఉంది. మందుల దుకాణం ఆయన తల ఎటు ఊపాలో తెలియక ఊపలేదు. బస్సు డ్రైవరు పిల్లవైపు తిరిగాడు. ఇందాక తిట్టిన మనిషే తన తువ్వాలు తీసి ఆమె భుజాలమీద కప్పాడు.

"పర్వాలేదు తాతగారూ," అంది ఫిరంగి. ఆపైన, దాచుకోలేక, "ఎడమచేత్తోనూ బాగానే వస్తోందండీ. రేపటినుంచి దాన్ని కూడా సాధన చేద్దామనుకుంటున్నా."

బస్సు డ్రైవరు పకపకా నవ్వాడు. పళ్ల డాక్టరమ్మ, ఇప్పుడు రెండు చేతులా, అని తలపట్టుకుంది. పట్టుకున్నాక ఆవిడకూ నవ్వు ఆగలేదు. ఆయన కాగితం ఆవిడకు తిరిగి ఇచ్చేశాడు. మీ బాధ నిజమేనమ్మా, ఈ పోటీ అయ్యాక పిల్లలందరినీ వారానికి ఒక పూట ఒకే కోర్టులో కలిపి, ఈ పిల్ల సర్వీసు అందుకోవడం నేర్పిద్దాం, అది నా పూచీ, అన్నాడు. లిఫ్టుల మనిషి, మా అమ్మాయికి కూడా కొడుతుందా అని అడిగాడు. ముందు ఆమెకే, అన్నాడాయన. ఈల తాడు మెడలో నుంచి తీసి రెండో అంపైరైన బడి గుమాస్తా ఆవిడకు అప్పగించాడు. నేను ఆ కుర్చీకి ఇవాళ తగను. గీత దగ్గర జెండా ఇవ్వండి, చాలు, అన్నాడు. ఆవిడ జెండా ఆయన చేతికిచ్చి కుర్చీ ఎక్కింది.

నేలమీద నుంచి ఆట వేరేలా ఉంటుందని పన్నెండేళ్లుగా మరిచిపోయాడు. ఎత్తునుంచి చూస్తే పిల్లలు చుక్కల్లా ఉంటారు; ఇక్కడ ఊపిరి వినబడుతుంది. తడి మట్టి వాసన, రంపపు పొట్టు వాసన, చేతిలో ఎర్ర జెండా, కాళ్ల ముందు కొత్తగా గీసిన తెల్లగీత, దానికి నాలుగడుగుల లోపల మనవరాలి వీపు. ఈల మోగింది. అవతలి కొసన ఫిరంగి కుడిచెయ్యి లేచింది, ఆ తలుపు వేసిన చప్పుడు అయింది, బంతి సాధువులా నెట్ దాటి, తటపటాయించి, ఎడమకు ఒరిగింది. అది ఒరగకముందే మనవరాలి కాళ్లు అటు కదిలాయి. దుమికింది. బంతి ఆమె వేళ్ల చివర్లను తాకీ తాకనట్టు దాటి గీతకు అవతల, ఆయన బూటు పక్కన పడింది. బయట పడిందని కంచె వెంట కేకలు, మనవరాలి జట్టు గంతులు, కుర్చీలోని గుమాస్తా ఆవిడ చెయ్యి వీళ్ల వైపుకే లేవబోతోంది. ఆ తాకిడి విన్నది ఈ మూలన ఇద్దరే. తాకి బయటపడితే పాయింటు అవతలివాళ్లది. తాకి పడిందన్న గుర్తుగా ఆయన జెండా నిలబెట్టి, దాని కొసమీద అరచెయ్యి ఆనించాడు.

ఆ జెండాను ఎవరైనా చూసేలోపే మనవరాలు బురదలో నుంచి లేచి, వేళ్లు నాలుగూ పైకి చాచి, కోర్టు మొత్తానికీ చెప్పింది.

"తగిలింది. నాకు తగిలింది."

పోయిన పాయింటును అంత గర్వంగా ప్రకటించిన వారిని ఆయన ఇంతవరకూ చూడలేదు. స్కోరు పలక మీద అంకె ఫిరంగి జట్టు వైపు మారింది. ఫిరంగి బంతిని అందుకొని, నెట్ మీదుగా ఆ బురద వేళ్లవైపు కాసేపు చూసి, సర్వీసుకు ఎప్పుడూ నిలబడే చోటు వదిలి, ఇంకా గట్టిగా కొట్టడానికి ఒక అడుగు వెనక్కి జరిగింది.